పట్టూ విడుపూ తెలిసిన రాయబారి

2026 జనవరి 1తో స్పెయిన్ ఐరోపా కూటమిలో చేరి నలభై ఏళ్లు నిండాయి. 1986లో అదే రోజున స్పెయిన్, పోర్చుగల్ కలిసి అప్పటి ఐరోపా ఆర్థిక సముదాయంలో అడుగుపెట్టాయి. పది దేశాల కూటమి పన్నెండు దేశాలదైంది. ఇలాంటి సందర్భాల్లో రాజులనూ ప్రధానమంత్రులనూ తలచుకోవడం ఆనవాయితీ. సంతకాలు వాళ్లవే కనుక అందులో తప్పు లేదు. కానీ సంతకానికి నోచుకునే కాగితాన్ని ఏళ్ల తరబడి కూర్చుని తయారు చేసినవాళ్లు వేరే ఉంటారు. వాళ్లలో ఒకరైన కార్లోస్ వెస్టెండోర్ప్ ఉద్యోగ జీవితాన్ని ఈ సందర్భంగా తిరగేసి చూడటం అవసరమని మేము భావిస్తున్నాం. బ్రస్సెల్స్‌లో ఆయన కూర్చున్నది ఎవరూ ఎవరిమీదా ఏదీ రుద్దలేని బల్ల దగ్గర. బోస్నియా రాజధాని సరయేవోలో ఆయనకు దక్కింది ఒక్క సంతకంతో చట్టం చేయగల అధికారం. సమ్మతితో ఎంత సాధ్యం, ఆదేశంతో ఎంత సాధ్యం అన్న ప్రశ్నకు ఇంత దగ్గరి సాక్ష్యం మరొకరి జీవితంలో దొరకడం కష్టం.

వెస్టెండోర్ప్ 1937 జనవరిలో మాడ్రిడ్‌లో పుట్టారు. అప్పటికి అంతర్యుద్ధం మొదలై ఆరు నెలలు. రాజధాని ముట్టడిలో ఉంది. 1939లో యుద్ధం ముగిసి ఫ్రాంకో నియంతృత్వం స్థిరపడింది. 1957లో ఆరు దేశాలు రోమ్‌లో ఒడంబడిక కుదుర్చుకుని ఉమ్మడి మార్కెట్‌కు పునాది వేసినప్పుడు స్పెయిన్‌ను పిలిచినవారు లేరు. 1962 ఫిబ్రవరిలో ఫ్రాంకో ప్రభుత్వం తనంత తానుగా చర్చలు కోరుతూ లేఖ రాసింది. అంతకు కొద్ది వారాల ముందే జర్మన్ సోషలిస్టు విల్లీ బిర్కెల్‌బాక్ నివేదిక ఐరోపా పార్లమెంటరీ సభ ముందుకు వచ్చింది. ప్రజాస్వామ్యం ఉన్న దేశాలకే సభ్యత్వం అని అది తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1970 జూన్‌లో, రాయబారి అల్బెర్తో ఉయాస్త్రెస్ ఎంతో ఓపికగా బేరమాడి తెచ్చింది ఒక వాణిజ్య ఒప్పందం మాత్రమే. సరుకులకు దారి దొరికింది, దేశానికి దొరకలేదు.

మాడ్రిడ్‌లో న్యాయశాస్త్రం చదివి 1960ల్లో విదేశాంగ సేవలో చేరిన వెస్టెండోర్ప్ తొలి రోజులు ఈ నిరీక్షణ కాలంలోనే గడిచాయి. బ్రెజిల్‌లోని సావో పాలోలో పనిచేశారు. తర్వాత నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఆర్థిక, వాణిజ్య వ్యవహారాలు చూశారు. నియంతృత్వపు పాస్‌పోర్టు పట్టుకుని ప్రజాస్వామ్య దేశాల రాజధానుల్లో తిరిగిన ఆ తరం దౌత్యవేత్తలందరికీ ఒక సంగతి బాగా తెలుసు. వాళ్ల దృష్టిలో ఐరోపా అంటే విదేశాంగ విధానం మాత్రమే కాదు. తమ దేశం మామూలు దేశమైందనడానికి అదే కొలమానం.

ఫ్రాంకో 1975 నవంబరు 20న కన్నుమూశాడు. 1977 జూన్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. ఏడు వారాలు తిరక్కుండానే, జులై 28న, కొత్త ప్రభుత్వం సభ్యత్వానికి దరఖాస్తు పెట్టింది. 1979 ఫిబ్రవరిలో చర్చలు లాంఛనంగా మొదలయ్యాయి. ఆ ఏడాది నుంచే వెస్టెండోర్ప్ ఆ పనిలోకి వచ్చారు. ప్రజాస్వామ్యం వచ్చేసింది కదా, ఇక తలుపులు తెరుచుకున్నట్టే అని మాడ్రిడ్‌లో చాలామంది అనుకున్నారు. అది జరగలేదు. 1980 జూన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాఁ, ఉన్న ఇంటినే సర్దుకోలేకపోతున్నాం, కొత్తవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అనే ధోరణిలో బ్రేకు వేశాడు. 1981 ఫిబ్రవరి 23న కొందరు సైనికాధికారులు స్పెయిన్ పార్లమెంటులోకి తుపాకులతో చొరబడ్డారు. తిరుగుబాటు ఒక్క రాత్రిలో వీగిపోయింది. కానీ కొత్త ప్రజాస్వామ్యం ఎంత పలుచటి నేల మీద నిలబడి ఉందో ఆ రాత్రి అందరికీ తెలిసింది. ఐరోపా సభ్యత్వం ఆలస్యమైన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని చర్చల బల్ల దగ్గరివాళ్లు గ్రహించారు. అయినా తొందరపడి చెడ్డ ఒప్పందానికి ఒప్పుకుంటే ఆ భారం మోయవలసింది తమ రైతులూ జాలర్లే. ఆ రెండింటి మధ్య వాళ్లు ఆరేళ్లు నడిచారు.

ఆ నడక ఎలాంటిదో తెలియాలంటే చేపల అధ్యాయం ఒక్కటి చూస్తే చాలు. స్పెయిన్ చేపల ఓడల బలగం ఐరోపాలోని అతిపెద్ద బలగాల్లో ఒకటి. గలీసియా, బాస్క్ తీరాల నుంచి వెళ్లే ఓడలు తరతరాలుగా ఫ్రాన్స్, ఐర్లండ్, బ్రిటన్ జలాల్లో వేటాడేవి. 1970ల్లో సముద్ర హద్దులు 200 మైళ్లకు జరగడంతో నిన్నటిదాకా వెళ్లిన చోటుకే ఇవాళ వెళితే నేరమైంది. 1984 మార్చిలో బిస్కే అఖాతంలో ఫ్రెంచి గస్తీ ఓడ స్పెయిన్ చేపల ఓడలపై కాల్పులు జరిపింది, జాలర్లు గాయపడ్డారు. ఇలాంటి ఉద్రిక్తత నడుమ కుదిరిన చేరిక ఒప్పందంలో ఏముంది? ఐరోపా అట్లాంటిక్ జలాల్లోకి వెళ్లగల 300 స్పెయిన్ ఓడల జాబితా ఉంది. ఒకేసారి 150 మించి వేటాడకూడదన్న షరతు ఉంది. ఐర్లండ్ చుట్టూ ఉన్న ఒక పెద్ద జలభాగంలోకి దాదాపు పదేళ్లపాటు అడుగు పెట్టకూడదన్న నిషేధం ఉంది. జాబితాలో పేరు లేని ఓడ యజమాని ఇంట్లో ఆ ఏడాది ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. దౌత్యం అంటే విందులూ కరచాలనాలూ అనుకునేవారు ఆ 300, 150 అన్న అంకెలను గుర్తుంచుకోవాలి. వాటిలో ప్రతి ఒక్కటీ ఎవరో అధికారి రాత్రంతా మేలుకుని నిలబెట్టుకున్నది, లేదా వదులుకున్నది.

పొలం కథా ఇంతే. స్పెయిన్ టమాటాలు, పండ్లు, ద్రాక్షసారా తమ బతుకు ముంచుతాయని దక్షిణ ఫ్రాన్స్ రైతులు భయపడ్డారు. సరిహద్దు దాటి వచ్చిన లారీలను ఆపి సరుకు నేలపాలు చేశారు, కొన్నింటిని తగలబెట్టారు. చివరికి పారిశ్రామిక సుంకాలు ఏడేళ్లలో దశలవారీగా తగ్గేలా, పండ్లూ కూరగాయలకు పదేళ్ల గడువు ఉండేలా, కార్మికుల రాకపోకలకు ఏడేళ్ల నిరీక్షణ ఉండేలా రాజీ కుదిరింది. 1984 జూన్‌లో ఫాంటెన్‌బ్లో సమావేశంలో బ్రిటన్ బడ్జెట్ పేచీ తీరడంతో ముడి వదులైంది. 1985 మార్చి చివర్లో చర్చలు కొలిక్కి వచ్చాయి. జూన్ 12న ఉదయం లిస్బన్‌లో, సాయంత్రం మాడ్రిడ్ రాజప్రాసాదంలో సంతకాలు. స్పెయిన్ పక్షాన ప్రధానమంత్రి ఫెలిపె గొంజాలెజ్, విదేశాంగ మంత్రి ఫెర్నాండో మొరాన్, చర్చలు నడిపిన కార్యదర్శి మాన్యుయెల్ మరీన్, రాయబారి గాబ్రియెల్ ఫెర్రాన్ సంతకం చేశారు. అదే రోజు మాడ్రిడ్‌లో బాస్క్ సాయుధ సంస్థ ఈటీఏ ప్రాణాలు తీసింది. శుభకార్యం నాడే నెత్తురు చిందిన ఆ రోజున కూడా కార్యక్రమం ఆగలేదు.

1986లో బ్రస్సెల్స్‌లో స్పెయిన్ తొలి శాశ్వత ప్రతినిధిగా వెస్టెండోర్ప్ బాధ్యత తీసుకున్నారు. ఈ పదవి పేరు మన పత్రికల్లో పెద్దగా కనిపించదు. నిజానికి ఐరోపా బండి నడిచేది వీళ్ల చేతుల మీదుగానే. సభ్య దేశాల శాశ్వత ప్రతినిధులు ప్రతివారం కొరెపర్ అనే కమిటీగా సమావేశమవుతారు. మంత్రుల ముందుకు వెళ్లే దాదాపు ప్రతి ప్రతిపాదనా ముందు వీళ్ల బల్ల మీదికి రావాలి. ఇక్కడ రాజీ కుదిరితే మంత్రుల సమావేశంలో దాన్ని చర్చ లేకుండానే ఆమోదిస్తారు. కుదరనిదే మంత్రుల దాకా వెళుతుంది. ఇవాళ పాల ధరల మీద ఎదిరించినవాడితోనే రేపు రోడ్ల నిధుల కోసం చేతులు కలపాలి. అందుకే ఈ గదిలో ఎవరూ తెగేదాకా లాగరు. గెలిచినవాడు ఓడినవాడికి మొహం చెల్లే దారి వదులుతాడు. కొత్తగా వచ్చిన దేశం ఈ మర్యాద ఎంత త్వరగా పట్టుకుంటే అంత త్వరగా దాని మాటకు విలువ వస్తుంది.

స్పెయిన్ త్వరగానే పట్టుకుంది. 1988 ఫిబ్రవరిలో వెనుకబడిన ప్రాంతాలకు ఇచ్చే నిధులను రెట్టింపు చేయాలన్న నిర్ణయం వచ్చింది. 1989 తొలి ఆరు నెలలు కూటమి అధ్యక్ష స్థానం మొదటిసారి స్పెయిన్‌కు దక్కింది. ఆ జూన్‌లో మాడ్రిడ్ శిఖరాగ్ర సమావేశం ఉమ్మడి కరెన్సీ దిశగా తొలి దశ ఏడాది తర్వాత మొదలుకావాలని తీర్మానించింది. 1990లో స్పెయిన్ మరో ఆలోచన ముందుకు తెచ్చింది. ఐరోపా వ్యాపారుల కూటమిగానే ఎందుకుండాలి, అందులోని మనుషులు ఉమ్మడి పౌరులు ఎందుకు కాకూడదు అన్నది ఆ ఆలోచన. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందంలో అది చోటు చేసుకుంది. జర్మనీలో స్థిరపడిన స్పెయిన్ కార్మికుడు అక్కడి పురపాలక ఎన్నికల్లో ఓటు వేయడానికి ఆధారం అదే. తలసరి ఆదాయంలో వెనుకబడిన స్పెయిన్, పోర్చుగల్, గ్రీస్, ఐర్లండ్‌లకు ప్రత్యేక నిధి కూడా అదే ఒప్పందంతో వచ్చింది. 1991 నుంచి ఐరోపా వ్యవహారాల కార్యదర్శిగా వెస్టెండోర్ప్ ఈ పని మధ్యలో ఉన్నారు. చేరేటప్పుడు షరతులన్నీ ఒప్పుకున్న దేశం, చేరిన ఆరేళ్లకే నియమాలు రాసేవారి సరసన కూర్చుంది. బల్ల దగ్గర చోటు దొరకడం కోసం 1985లో మింగిన చేదుకు ప్రతిఫలం ఇది.

1995లో ఆయనకు మరింత కష్టమైన పని అప్పగించారు. ఐరోపా ఒప్పందాలను సవరించే ముందు ఎవరి మనసులో ఏముందో తెలుసుకోవడానికి ఒక ఆలోచనా బృందాన్ని ఏర్పాటు చేసి ఆయన్ను అధ్యక్షుడిగా పెట్టారు. పదిహేను ప్రభుత్వాల ప్రతినిధులు, వారితోపాటు ఐరోపా కమిషన్, పార్లమెంటుల నుంచి వచ్చినవారు అందులో ఉన్నారు. అంతకు నలభై ఏళ్ల ముందు ఉమ్మడి మార్కెట్‌కు బీజం పడిన సిసిలీ పట్టణం మెసీనాలో జూన్‌లో పని మొదలుపెట్టి డిసెంబరులో నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక రాసిన తీరులో ఆయన నేర్పు తెలుస్తుంది. ఎక్కడా దేశం పేరు ఉండదు. మాలో అత్యధికులు ఇలా భావిస్తున్నారు, మాలో కొందరు అలా భావిస్తున్నారు, మాలో ఒకరు ఒప్పుకోవడం లేదు అన్న పద్ధతిలో సాగుతుంది. విభేదం దాచలేదు, కానీ ఎవరినీ వీధిలో నిలబెట్టలేదు. ఆ ‘ఒకరు’ చాలాసార్లు బ్రిటన్ అని చదివినవారికి తెలిసేది. అప్పట్లో బ్రిటన్ పక్షాన ఆ బల్ల దగ్గర కూర్చున్న డేవిడ్ డేవిస్, 2016లో తన దేశాన్ని ఐరోపా నుంచి బయటికి తీసుకెళ్లే చర్చలకు మంత్రి అయ్యారు. బయటపడబోయే చీలిక ఇరవై ఏళ్ల ముందే ఆ నివేదికలో పేరు లేకుండా నమోదై ఉంది.

1995 డిసెంబరులో విదేశాంగ మంత్రి హవియెర్ సొలానా నాటో అధిపతిగా వెళ్లడంతో వెస్టెండోర్ప్ ఆ పదవిలోకి వచ్చారు. కొద్ది నెలలకే, 1996 మార్చి ఎన్నికల్లో, గొంజాలెజ్ ప్రభుత్వం ఓడిపోయింది. వచ్చిన ప్రత్యర్థి పక్ష ప్రభుత్వ హయాంలో ఆయన ఐక్యరాజ్యసమితిలో స్పెయిన్ ప్రతినిధి అయ్యారు. ఇది తక్కువ విషయం కాదు. చర్చలు మొదలుపెట్టింది మధ్యేవాదుల ప్రభుత్వం, ముగించింది సోషలిస్టుల ప్రభుత్వం, ఆ తర్వాత సంప్రదాయవాదులు పగ్గాలు అందుకున్నారు. ఐరోపా విషయంలో దేశం మాట మాత్రం మారలేదు, ఆ పని తెలిసిన అధికారులకు చోటు పోలేదు. ప్రభుత్వం మారగానే ఫైలు మొదటి పేజీకి పోతే ఎదుటివాడికి మన మాట మీద నమ్మకం ఉండదు. స్పెయిన్ విజయ రహస్యాల్లో ఇది ముఖ్యమైనది.

1997 జూన్‌లో ఆయన బోస్నియాకు అంతర్జాతీయ సమాజపు ఉన్నత ప్రతినిధిగా వెళ్లారు. లక్ష మందిని బలిగొన్న యుద్ధం డేటన్ శాంతి ఒప్పందంతో ఆగి అప్పటికి ఏడాదిన్నర. తుపాకులు మౌనంగా ఉన్నాయి, దేశం మాత్రం అతకలేదు. బోస్నియాక్, సెర్బ్, క్రొయాట్ నాయకులు కీలకమైన చాలా చట్టాల మీద ఏకాభిప్రాయానికి రాలేదు. అందరూ ఒప్పుకున్న జెండా లేదు, ఉమ్మడి కరెన్సీ లేదు, ఉమ్మడి పౌరసత్వ చట్టం లేదు. ఆ డిసెంబరులో జర్మనీలోని బాన్‌లో సమావేశమైన దేశాలు, స్థానిక నాయకులు కలిసిరాకపోతే ఉన్నత ప్రతినిధే నిర్ణయం తీసుకోవచ్చని, అడ్డుపడే అధికారులను తొలగించవచ్చని స్పష్టం చేశాయి. బ్రస్సెల్స్‌లో కామా మార్చడానికి కూడా అందరినీ ఒప్పించవలసి వచ్చిన మనిషి చేతికి, ఎవరినీ అడగనవసరం లేని కలం వచ్చింది.

ఆయన దాన్ని వెంటనే వాడారు. పౌరసత్వ చట్టాన్ని ఆ నెలలోనే ప్రకటించారు. మూడు నమూనాల్లో ఏ ఒక్కదాన్నీ పార్లమెంటు ఎంచుకోలేకపోవడంతో 1998 ఫిబ్రవరి మొదట్లో జెండాను తానే ఖరారు చేశారు. కొద్ది రోజులకే నగానో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో బోస్నియా క్రీడాకారులు ఆ జెండా పట్టుకుని నడిచారు. జూన్‌లో కొత్త కరెన్సీ, కన్వర్టిబుల్ మార్క్, చలామణిలోకి వచ్చింది. జర్మన్ మార్కుతో సరిసమానంగా ముడిపెట్టిన ఆ డబ్బు ఇప్పటికీ నడుస్తోంది. జర్మనీలో మార్క్ పోయి యూరో వచ్చింది, బోస్నియాలో మాత్రం ఆ పేరు మిగిలింది. నోట్ల మీద సేనానుల బొమ్మలు వేయలేదు, రచయితల బొమ్మలు వేశారు.

అన్నిటికంటే జనానికి మేలు చేసింది కార్ల నంబరు ప్లేటు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్లేటు మీది మొదటి రెండక్షరాలు చూసి బండి ఎక్కడిదో చెప్పేస్తాం. మనకు అది కాలక్షేపం. యుద్ధం ముగిసిన బోస్నియాలో అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. మూడు వర్గాలకూ వేరువేరు ప్లేట్లు ఉండేవి. అవతలి వర్గం ప్రాంతంలోకి కారు తీసుకెళితే రాళ్లు పడొచ్చు, ఇంకా ఘోరమే జరగొచ్చు. 1998లో వెస్టెండోర్ప్ కార్యాలయం కొత్త ప్లేట్లు తెచ్చింది. ఊరి గుర్తు లేదు, వర్గం గుర్తు లేదు. అక్షరాలు కూడా రోమన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా కనిపించేవి మాత్రమే: ఏ, ఈ, జె, కె, ఎమ్, ఓ, టి. చూసి ఎవరి బండో చెప్పడం ఎవరి తరమూ కాదు. అంతే, వర్గాల మధ్య గీత దాటి జనం తిరగడం మొదలైంది. అమ్మమ్మ సమాధి చూడటానికి, పాత ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి, అవతలి సంతలో సరుకు కొనడానికి. శాంతి సేనలు చేయలేని పని ఒక రేకు ముక్క చేసింది.

ఈ కలానికి రెండో వైపు కూడా ఉంది. 1999 మార్చి 5న బోస్నియాలోని సెర్బుల ప్రాంతమైన రిపబ్లికా స్ర్‌ప్‌స్కా అధ్యక్షుడు నికోలా పొప్లాషెన్‌ను వెస్టెండోర్ప్ పదవి నుంచి తప్పించారు. పొప్లాషెన్ అంతకు ఆరు నెలల ముందు ఎన్నికల్లో గెలిచినవాడు. శాంతి ఒప్పందానికి అడ్డుపడుతున్నాడన్న ఆరోపణలో నిజం ఉంది. కానీ ప్రజలు ఎన్నుకున్న మనిషిని ప్రజలెన్నుకోని మనిషి తీసేయడం ప్రజాస్వామ్యానికి ఎలాంటి పాఠం నేర్పుతుందన్న ప్రశ్నలోనూ నిజం ఉంది. వెస్టెండోర్ప్ తర్వాత వచ్చినవారు ఇదే అధికారాన్ని మరింత ఉధృతంగా వాడారు. 2003లో గెరాల్డ్ క్నావుస్, ఫెలిక్స్ మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పాలనను మన దేశంలో సాగిన బ్రిటిష్ రాజ్‌తో పోల్చారు. ఆ పోలిక ఘాటైనదే కానీ దాని సారం మనకు సులువుగా అర్థమవుతుంది. కష్టమైన నిర్ణయాలన్నీ పైవాడు తీసుకుంటాడని తెలిస్తే స్థానిక నాయకుడు రాజీ పడడు, పంతం పట్టి కూర్చుంటాడు. నింద పైవాడిది, ఓట్లు తనవి. వెస్టెండోర్ప్ దిగిపోయి పావు శతాబ్దం దాటాక కూడా ఆ పదవి కొనసాగిందంటే, ఆదేశం అలవాటైతే వదిలించుకోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆయన ఉద్యోగ ప్రస్థానం అక్కడితో ఆగలేదు. ఐరోపా పార్లమెంటులో సభ్యుడయ్యారు, 2004 నుంచి 2008 దాకా వాషింగ్టన్‌లో రాయబారిగా పనిచేశారు. ఇరాక్ నుంచి స్పెయిన్ సేనలను వెనక్కి రప్పించి అమెరికాకు కోపం తెప్పించిన రోజులవి. అయితే చరిత్ర గుర్తుంచుకోవలసింది బ్రస్సెల్స్‌నూ సరయేవోనూ. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మా నిర్ణయం స్పష్టం. ఆదేశం ప్లేటు ఇవ్వగలదు, కరెన్సీ ఇవ్వగలదు, జెండా ఇవ్వగలదు. ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్లు చల్లడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేదు కనుక ఆనాడు అది న్యాయమే. కలిసి బతకాలన్న ఇష్టాన్ని మాత్రం ఆదేశం ఇవ్వలేదు. ఆ ఇష్టం, చేపల ఓడల జాబితా మీద ఏళ్ల తరబడి వాదించుకుని, ఇద్దరూ కొంత వదులుకుని, ఇద్దరూ తమదే అనుకునే కాగితం మీదే పుడుతుంది. స్పెయిన్‌కు దొరికిన షరతులు కఠినమైనవే. అవి తాను ఒప్పుకున్నవి కనుక నలభై ఏళ్లలో ఎన్ని ఆర్థిక కుదుపులు వచ్చినా స్పెయిన్ ఐరోపాను వదిలే మాట ఎత్తలేదు.

ఇప్పుడు అదే తలుపు దగ్గర బోస్నియా నిలబడి ఉంది. 2022 డిసెంబరులో దానికి అభ్యర్థి హోదా వచ్చింది, 2024 మార్చిలో చర్చలు ప్రారంభించడానికి ఐరోపా నాయకులు అంగీకరించారు. ఉక్రెయిన్, మాల్డోవా కూడా వరుసలో ఉన్నాయి. యుద్ధం మధ్య తొందర సహజం. కానీ జిస్కార్ దెస్తాఁలా తలుపు వేసి కూర్చోవడమూ తప్పే, అధ్యాయాలు దాటవేసి లోపలికి లాగేయడమూ తప్పే. ఉక్రెయిన్ గోధుమల మీద పోలండ్ రైతులు రోడ్డెక్కడం, 1980ల్లో స్పెయిన్ టమాటాల మీద ఫ్రెంచి రైతులు చేసినదే. ఆ భయాన్ని చులకన చేయకుండా గడువులూ కోటాలూ రాసుకుంటే అది తీరుతుందనడానికి స్పెయినే రుజువు.

ఇదంతా మనకు దూరపు కథ అనుకోవద్దు. ఆంధ్ర తీరంలో చెరువుల్లో పెంచిన రొయ్య ఐరోపా గడ్డ మీద దిగాలన్నా, హైదరాబాద్‌లో తయారైన మాత్ర అక్కడి మందుల దుకాణానికి చేరాలన్నా బ్రస్సెల్స్‌లో రాసిన నిబంధన దాటాలి. భారత్, ఐరోపాల వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగిపోయి, 2022లో మళ్లీ పట్టాలెక్కాయి. ఇలాంటి చర్చల్లో మన రైతుకూ కార్మికుడికీ ఏం దక్కుతుందన్నది నాయకుల ప్రసంగాల్లో తేలదు. ఒకే విషయం మీద ఇరవై ఏళ్లు పనిచేసి, ప్రతి అంకె వెనక ఉన్న ఇంటిని ఎరిగి, ఎక్కడ పట్టాలో ఎక్కడ విడవాలో తెలిసిన అధికారుల చేతుల్లో తేలుతుంది. అలాంటివారిని తయారు చేసుకోవాలి, మూడేళ్లకోసారి శాఖలు మార్చి ఆ అనుభవాన్ని వృథా చేయకూడదు, ప్రభుత్వాలు మారినా వారిని నమ్మాలి. స్పెయిన్ నలభై ఏళ్ల ఐరోపా ప్రయాణం నుంచి ఏ దేశమైనా నేర్చుకోవలసిన పాఠం ఇదే.